చిప్పులో వదిలేసిన మూల

అనుమానం గారికి ఈ లోకంలో నమ్మదగిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడి మీద కూడా, అద్దంలో కనబడినప్పుడల్లా ఓ కన్నేసి ఉంచేవారు. కంప్యూటర్ చిప్పుల బొమ్మలు గీసే ఆఫీసులో ముప్పై ఏళ్ల సర్వీసు. కంప్యూటర్ తెర మీద తువ్వాలు కప్పి, తలకాయ కూడా అందులోనే దూర్చి, ఆవిరి పట్టేవాడిలా కూర్చుని గీసేవారు. ఊడ్చే ఆవిడ బల్ల దులిపితే, "ఏం చదివావు?" అని నిలదీసేవారు. "దుమ్ము" అనేది ఆవిడ. ఆ జవాబు మీదా ఆయనకు అనుమానమే.

ఆయన కింద పనిచేసేది కొత్తమ్మాయి. చేరి ఆరేళ్లయినా ఆ పేరు పోలేదు. ఓ రోజు ఆమెకు మంచి ఆలోచన తట్టింది. చిప్పులో పనిలేని భాగాలు వాటంతటవే నిద్రపోయి వేడి తగ్గేలా ఓ బుల్లి స్విచ్. గీసి చూపిస్తే ఆయన రెండుసార్లు చూసి, తలుపు మూసి, ఎవరికీ చెప్పొద్దన్నారు. కాగితం సొరుగులో పడేసి తాళం వేసుకున్నారు.

ఆరేళ్లలో ఆమె నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. పేటెంటు మీద తన పేరు చూసుకోవాలని కొండంత ఆశ. కాగితం అడిగితే ఆయన రేపన్నారు. ఆ రేపు రానే లేదు. పైగా ఆ స్విచ్ చేర్చిన నమూనా చిప్పులో ఓ మూల ఖాళీగా వదలమని పట్టుబట్టారు. రవ్వంత చోటు కోసం ఇంజనీర్లు జుట్లు పట్టుకునే ఆఫీసులో అదో విడ్డూరం.

"ఆ మూలలో ఏం పెడతారు సార్?"

"అది నీకనవసరం."

అప్పట్నుంచి ఆమెకూ ఆ జబ్బు అంటుకుంది. ఆయన తువ్వాల్లో దూరితే చాలు, మంచినీళ్ల వంకతో ఆ పక్కనుంచి ఏడుసార్లు నడిచేది.

అయిదు నెలలకు పేటెంటు సమావేశం పెట్టారు. తయారీకి వెళ్లే ప్రతి చిప్పు మీదా సంతకం పెట్టే విభాగం పెద్ద లేచి, ఆ స్విచ్ పోయిన నెల స్నానం చేస్తుంటే తనకే తట్టిందని తాపీగా చెప్పాడు. కాగితం అనుమానం గారే అమ్ముకున్నారన్నమాట అనుకుంది కొత్తమ్మాయి. ఒళ్లు మండిపోయింది.

అనుమానం గారు మాత్రం జేబురుమాలు తీసి మడతలు విప్పారు. అందులో మొదటి విడత తయారైన చిప్పు, రెండు నెలల కిందటిది. మైక్రోస్కోప్ కింద పెట్టి ఆ మూలను అందరికీ పెద్ద తెర మీద చూపించారు. సన్నటి లోహపు గీతలతో కొత్తమ్మాయి అసలు పేరు, ఇంటిపేరుతో సహా. కింద ఆమె ఆ బొమ్మ గీసిన తేదీ. విభాగం పెద్ద మళ్లీ స్నానం సంగతి ఎత్తలేదు.

బయటికొచ్చాక ఆమెకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా సార్? మిమ్మల్నే దొంగనుకున్నాను."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "చెబితే నువ్వు సంతోషం పట్టలేక పదిమందికీ చెప్పేస్తావేమోనని."

తర్వాత సొరుగు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఇకనుంచి తన కాగితాలు కూడా ఆమే చూసుకోవాలన్నారు. ముప్పై ఏళ్లలో ఆ చెవి ఇంకో చేతికి వెళ్లడం అదే మొదలు.

మర్నాడు ఆయన తాళం మార్చేశారు. కొత్త చెవి ఆమె బల్ల మీద ఉంది, రుమాలు కప్పి.