బాపు మెయిల్‌ను నేనే పారేశాను

రావిర్యాల దగ్గర ఆఫీసులో మెయిల్ సాఫ్ట్‌వేర్ రాసే రోజుల్లో నాకు నియమాల పిచ్చి. ఏ మెయిలైనా తన అక్షరాలు ఏ కోడింగ్ పద్ధతిలో ఉన్నాయో మొదటే చెప్పాలి. చెప్పకపోయినా, ఒకటి చెప్పి ఇంకోటి పంపినా, మా ఆఫీసు మెయిళ్లన్నీ చూసే నా ప్రోగ్రాం దాన్ని ఎవరికీ చూపించకుండా పక్కన పడేసేది. మా మేనేజర్ మేడమ్‌ది గుంటూరు వైపు. "అలా పారేస్తే ఎలాగండీ? చదవగలిగినంత చూపించి, అక్షరం రానిచోట చిన్న చదరం డబ్బాలు పెట్టండి," అనేవారు. నేను వింటేనా! "తప్పు చేసినవాడే దిద్దుకుని రావాలి మేడమ్," అని ఎగిరేవాణ్ణి.

మా వైపు ఎయిర్‌పోర్టు వచ్చి మూడేళ్లయిందేమో, సాతంరాయిలో మా ఇంట్లో ఎల్లమ్మ పండుగ చేశాం. ఆఫీసువాళ్లను నేను పిలుస్తానంటే మా నాన్న, అదే బాపు, ఒప్పుకోలేదు.

"ఇంటి పెద్దను నేనుండంగ నువ్వు పిలుస్తవారా? ఇజ్జత్ ఉంటదా?" అని నా దగ్గర అందరి మెయిల్ అడ్రసులు రాయించుకుని, పెళ్లికార్డులు టైపు చేసే దుకాణానికి పోయి, మేడమ్‌తో సహా పద్నాలుగు మందికీ మెయిల్ పెట్టించాడు.

ఆదివారం ఎల్లమ్మ ముందు రెండు యాటపోతులు తెగాయి. బాపు కొత్త ధోవతి కట్టుకుని హైవే మీద నిలబడ్డాడు. ఏ బండి ఆగినా "మీ సార్లే రా" అంటూ ఎదురెళ్లేవాడు. గ్యాస్ సిలిండర్ల ఆటోకి కూడా దండం పెట్టాడు. మూడింటికి "ఏం పరేషాన్ల ఉన్నరో ఏమో" అని లోపలికొచ్చి, తినకుండా పడుకున్నాడు. నాకు కడుపు మండిపోయింది.

సోమవారం పోతూనే మేడమ్ మీద విరుచుకుపడ్డాను. "మమ్మల్ని ఎప్పుడు పిలిచారండీ?" అన్నారావిడ.

అనుమానం వచ్చి, నా ప్రోగ్రాం పారేసినవాటి జాబితా తెరిచాను. బాపు పిలుపులు పద్నాలుగూ అక్కడే ఉన్నాయి. దుకాణంవాడు పెళ్లికార్డుల ఫాంట్‌లో కొట్టి, పద్ధతి పేరు చెప్పకుండానే పంపేశాడు. ఒకటి తెరిస్తే అంతా పిచ్చి గీతలు, డబ్బాలు. మధ్యలో తేదీ, టైము, బాపు ఫోన్ నంబరు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి.

"ఇది చూసుంటే ఫోన్ చేసుకుని వచ్చేవాళ్లం కదండీ," అన్నారు మేడమ్. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే అందరూ ఆఫీసు బండిలో మా ఇంటికొచ్చారు. బాపు ముఖం వెలిగిపోయింది. నిన్నటి కూర వేడి చేయించి, వద్దన్నా వినకుండా వడ్డించాడు. జరిగిందంతా మేడమ్ చెబితే విని, నా వైపు తిరిగాడు.

"నేను రాసే చీటీల అన్ని తప్పులే గదరా. ఇగ నన్ను గూడ గడప బయట్నే నిలబెడ్తవా?"

అందరూ పగలబడి నవ్వారు. మర్నాడు పొద్దున్నే ఆ నియమం చెరిపేసి, మేడమ్ చెప్పినట్టే డబ్బాలు పెట్టాను.