కళ్ళు మూయనివాడు

ఆ శుక్రవారం సాయంత్రం కూడా ఆయన కుర్చీలన్నీ తడిగుడ్డతో తుడిచి గుండ్రంగా వేశారు. యూనివర్సిటీ పిల్లలకు ఆయన అన్న, ఆయన భార్య అక్క. వారం వారం వాళ్ళ ముందుగదిలోనే పాటలు, బైబిలు వాక్యం, ప్రార్థన. ఎవరైనా ఆలస్యంగా వస్తే, "రారా, దేవుడింకా లేచి వెళ్ళిపోలేదులే" అనేవారు. "పిల్లల్ని చెడగొడితే ఊరుకోం" అని ఎవరో ఫోన్లో బెదిరించాక కూడా తలుపుకు గడియ పెట్టనిచ్చేవారు కాదు. ఆమెకు మాత్రం భయం. కొత్తగా వస్తున్న ఓ భారీ మనిషి మీదే ఆమె అనుమానమంతా. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే వాడొక్కడే మూసుకోడు. ఎదురుగా కూర్చుని ఆయననే రెప్పవేయకుండా చూస్తాడు. "వాడి చూపు నాకేం నచ్చలేదండీ" అందామె. "అయితే నువ్వూ కళ్ళు మూసుకోవట్లేదన్నమాట!" అని ఆయన నవ్వేశారు.

ఆ సాయంత్రం ప్రార్థన మధ్యలో ఆయన గొంతు ఆగిపోయింది. వాడు ఒక్క ఉదుటున ఆయన మీదికి వచ్చాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుని బలమంతా పెట్టి వెనక్కి లాగింది. "అక్కా, వదులక్కా!" అని వాడు అరుస్తున్నా వదల్లేదు. ఆమె కళ్ళముందే ఆయన కుర్చీలోంచి కిందికి జారిపోయారు. ఆయన భూస్థాపన అయిన మర్నాడు ఆ భారీ మనిషి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. అతను మెడిసిన్ చదువుతున్నాడట. ఛాతీలో నొప్పి వస్తోందని ఆయన అతనికొక్కడికే చెప్పారట, ఆసుపత్రికి రమ్మంటే వచ్చేవారం చూద్దామని దాటేశారట. "ప్రార్థనప్పుడు నువ్వు మాత్రం కళ్ళు మూసుకోకురా, నన్నే చూస్తూ ఉండు. మీ అక్కకు చెప్పకు, భయపడుతుంది" అన్నారట.