కత్తెర పడని కొమ్మ

నాలుగేళ్లుగా ఒక్క పువ్వూ పూయని చెట్టుకు రోజూ నీళ్లు పోసే మనిషిని ఓపికమంతురాలు అనాలో, వెర్రిబాగులది అనాలో ఆ వీధిలో ఎవరూ తేల్చుకోలేకపోయారు. ఆమెను అందరూ గుండీలమ్మ అంటారు. ముందుగదిలో భర్త మిషను తొక్కుతుంటే, గుమ్మం పక్కన పీట మీద కూర్చుని చొక్కాలకు గుండీలు, గౌన్లకు హుక్కులు కుట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే పీట, అదే గుమ్మం.

గుమ్మానికి అవతల, గోడకీ మెట్లకీ మధ్య ఉన్న కాస్త మట్టిలో నూరువరహాల చెట్టు. కొమ్మ ఇచ్చింది వెనకవీధిలో ఉండే అక్క. అక్క ఇంటి ముందున్న తల్లిచెట్టు ఏడాదంతా ఎర్రటి గుత్తులతో విరగబూసేది. అక్క వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే చెల్లెలి చెట్టు వంక ఒక చూపు చూసి, "పేరుకేమో నూరు వరహాలు, చేతిలో చిల్లిగవ్వ లేదు" అనేది. గుండీలమ్మ నవ్వేది. నవ్వి లోపలికి పోయి, ఆ కోపం గిన్నెల మీద తీర్చుకునేది.

ఆ చెట్టుకు ఆమె చేయని సేవ లేదు. బియ్యం కడిగిన నీళ్లు పోసింది. టీ పొడి పిప్పి వేసింది. గోడ సున్నం రాలి మట్టి పాడవుతోందని ఎవరో అంటే, మట్టంతా తవ్వి తీసి కొత్తది నింపింది. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడాయి. పువ్వు మాత్రం లేదు.

ఇక ఆమె భర్త చేసే సేవ వేరు. ఆదివారం దుకాణానికి సెలవు. పాత కత్తెరకు సాన పెట్టుకుని టైలరు చెట్టు ముందు నిలబడేవాడు. దారం ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస గుండీలమ్మ పట్టుకోవాలి. దారానికి పైకి వచ్చిన చిగురల్లా కత్తెరకు బలి. పని అయ్యేసరికి చెట్టు ఇస్త్రీ చేసిన కాలరులా ఉండేది. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకునేవారు. రాలిందంతా గుండీలమ్మ ఊడ్చేది.

అలా ఉండగా ఇంటి ఓనరు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. పూయని చెట్టుకు అంత చోటెందుకు, అక్కడ తన స్కూటరు పెట్టుకుంటానన్నాడు. రెండు నెలల్లో పూస్తే సరి, లేకపోతే పీకించేస్తానన్నాడు. టైలరు నోట్లో గుండుసూదులున్నాయి. తల ఊపాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ముఖ్యమైన మాట వచ్చిన ప్రతిసారీ ఈ మనిషి నోట్లో గుండుసూదులే ఉన్నాయని గుండీలమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఆ మర్నాడు దుకాణం బోర్డు తుడుస్తుంటే ఆమెకు దాని వెనక ఎర్రగా ఏదో కనిపించింది. గుడ్డపేలిక అనుకుని చేయి పెట్టి లాగబోయింది. పేలిక కాదు, పూలగుత్తి. చెట్టు కొమ్మ ఒకటి రేకుబోర్డు వెనక్కి దూరి, ఎవరికీ చెప్పకుండా, కొసన పూసింది. కత్తెర అందని చోటు అదొక్కటే.

ఆమె పీట మీద కూలబడింది. మొగ్గ పుట్టేది కొమ్మ కొసన. ఆ కొసల్నే నాలుగేళ్లుగా వారం వారం కోయించింది. దారం పట్టింది తనే, ఊడ్చి పారబోసిందీ తనే. ఎవరిని తిట్టాలో తెలియక ముందుగా టైలరునే తిట్టింది.

"ఇక మీరు ఆ కత్తెర ముట్టుకుంటే నేను మా అక్క ఇంటికి పోతాను."

"అంచు లేకుండా ఎలా వదిలేస్తామే? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"చెట్టు అనుకుంటారు."

చెట్టు అడ్డదిడ్డంగా పెరిగింది. అటు చూస్తే చేతులు ఊరుకోవని టైలరు మిషనును గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆదివారాలు తోచక మీసం సరిచేసుకున్నాడు. ఒకవారం ఎడమవైపు, ఒకవారం కుడివైపు. నాలుగో ఆదివారానికి మీసమే లేదు.

గడువు రోజున ఓనరు గునపం పట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. కొమ్మకొమ్మకీ సన్నటి మొగ్గలున్నాయి గానీ ఒక్కటీ విచ్చుకోలేదు. బోర్డు వెనక గుత్తి ఎప్పుడో రాలిపోయింది. మొగ్గలుంటే పూసినట్టెలా అవుతుందని ఓనరు అన్నాడు. గుండీలమ్మ భర్త వైపు చూసింది. మామూలుగానే నోటి నిండా గుండుసూదులు. ఈసారి ఆయన వాటిని ఒక్కొక్కటే తీసి, డబ్బాలో వేసి, గుమ్మం దాటి వచ్చాడు.

"కచ్చాకుట్టు వేసిన చొక్కాని చొక్కా కాదని చింపేస్తామా సార్? వారం ఆగండి."

ఇన్నేళ్లలో టైలరు నోట అంత పొడుగు మాట ఓనరు వినలేదు. గునపం మనిషిని పంపేశాడు. అయిదో రోజుకే చెట్టంతా ఎరుపెక్కింది. అక్క వచ్చి చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడింది. ఓనరు స్కూటరు వీధిలోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే టైలరు చెట్టు ముందు నిలబడి, తల ఒక పక్కకు వాల్చి చాలాసేపు చూశాడు.

"బాగుంది గానీ, ఎడమవైపు కాస్త ఎక్కువైంది కదూ?"

గుండీలమ్మ లోపలికి వెళ్లి, కత్తెర తీసి, బియ్యం డబ్బాలో అడుగున పాతిపెట్టి వచ్చింది.