చెక్కదే కావాలన్న భీమరాజు మేస్త్రి

నరసాపురం రేవులో భీమరాజు మేస్త్రి కట్టిన నావ మునగదని పేరు. ఆయనంటే గిట్టనివాళ్లు ఒక నావకు అడుగున చిల్లు పొడుద్దామని వెళ్లి, తెచ్చుకున్న ఉలులన్నీ విరగ్గొట్టుకుని, చివరికి ఆయన దగ్గరికే వచ్చి ఉలి అరువడిగారు. ఆయన ఇచ్చాడు. అదీ విరిగింది. మిగతాది మీరు నమ్మకపోయినా ఫరవాలేదు, ఆఖరి ఉలి విరిగిన మాట మాత్రం నిజం.

అదంతా ఫైబర్ నావలు రాకముందు సంగతి. అచ్చు మీద గాజుపీచు గుడ్డ పరిచి, జిగురు పూసి ఆరబెడితే నావ తయారైపోయే రోజులొచ్చాక, చెక్క చెక్కేవాడి వైపు చూసేవాళ్లు లేకపోయారు. అందరికంటే ముందు ఆ పనిలోకి దూకింది ఆయన శిష్యుడు బుల్లియ్యే. ఇప్పుడు రేవుకి దిగువన ఉన్న ఫైబర్ షెడ్డులో వాడే పెద్ద. గురువేమో పంటు మీద తాడు విసురుతున్నాడు. గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లే మనుషుల్నీ, బైకుల్నీ మోసే ఆ పంటు ఒడ్డుకి చేరగానే, గుంజకి తాడు వేసి కట్టాలి. అరవై దాటిన చెయ్యి కదా, తాడు గుంజ మీద కాకుండా నీళ్లలో పడేది.

"ఏం ముసలాయనా, ఏమన్నా పడిందా?" అని, గాలం వేసినవాణ్ణి అడిగినట్టు, బైకుల మీది కుర్రాళ్లు అడిగేవారు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. నలుగురిలో తనను మళ్లీ ఎవరైనా 'మేస్త్రిగారూ' అని పిలవాలి.

నావ సందుల్లో కూరడానికి గుగ్గిలం కాచేటప్పుడు, అది కరిగేదాకా ఊసుపోక వాయించుకోవడానికని ఆయన ఎప్పుడో అంతర్వేది తీర్థంలో ఒక పొడవాటి మౌత్ ఆర్గాన్ కొన్నాడు. పక్కన కూర్చుని బుల్లియ్యా నేర్చుకున్నాడు. గుగ్గిలం పోయింది కానీ వాయించే అలవాటు ఇద్దరికీ మిగిలింది. ఒకనాడు శ్యాంబాబు పంటు ఎక్కాడు. నది ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో శనివారం సాయంత్రాలు గిటారు వాయించి, ఇంగ్లీషు పాటలు పాడే మనిషి. భీమరాజు వాయించేది విని ఆగిపోయాడు.

"ఏమండీ, మా బ్యాండులో మౌత్ ఆర్గాన్ వాయించే మనిషి మానేశాడు. మీరు బ్లూస్ వాయించగలరా?"

"అంటే ఏంటండి అది?"

"అమెరికాలో చేలల్లో చాకిరీ చేసి నలిగిపోయిన నల్లవాళ్ల పాటల్లోంచి పుట్టిందండి. బాధని పాడుకోవడం."

ఆ సాయంత్రం ఈ మాట భార్య మహాలక్ష్మమ్మకు చెబితే, ఆవిడ చేప తోముతూ తల కూడా ఎత్తలేదు. "ఏడవడానికి కూడా పెట్టె కావాలేంటయ్యో నీకు? మేమంతా ఉత్త నోటితోనే ఏడుస్తున్నాం కదా."

శ్యాంబాబు న్యాయమైన మనిషి. ఫైబర్ షెడ్డులో కూడా ఒకడు బాగా వాయిస్తాడని విని, ఇద్దర్నీ రిసార్టుకి పిలిచాడు. స్టేజీ మీద కుర్చీ ఒక్కటే. నెల తరవాత శనివారం ఇద్దరూ వాయించాలి, ఎవరు బాగా వాయిస్తే కుర్చీ వాళ్లది. ముందుగా శ్యాంబాబు, భీమరాజు తెచ్చిన పాత మౌత్ ఆర్గాన్‌ని చేతిలోకి తీసుకుని చెప్పాడు.

"ఇందులో ప్రతి స్వరానికీ రెండేసి రేకులుంటాయండి. రెండూ కలిసి మోగడం వల్ల ఆ వణుకు వస్తుంది. మన పాటలకు బాగుంటుంది. కానీ బ్లూస్‌కి స్వరాన్ని వంచాలి. గాలి లోపలికి లాగుతూ, నాలుక వెనక్కి తీసి, స్వరాన్ని కిందికి దించాలి. దీనితో అది కుదరదు. పక్కన మీట ఉండేవి ఉన్నాయి, వాటిలో అన్ని స్వరాలూ పలుకుతాయి, కానీ వాటి దారి వేరు. మనకి కావలసింది ఇదిగో, పది రంధ్రాల పొట్టిది."

బల్ల మీద రెండు పెట్టాడు. రెండూ ఒకే శ్రుతివి, పైన రెండింటికీ ఒకే రకం ఇత్తడి పలకలు. ఒకదాని లోపల దువ్వెన పళ్లలా చీల్చిన చెక్క, రెండోదాని లోపల నల్లటి ప్లాస్టిక్.

"వినేవాళ్లకి తేడా పెద్దగా తెలియదండి. ప్లాస్టిక్‌ది గొడవ లేనిది. చెక్కదాని పలుకు నాకు ఇష్టమే గానీ, తడి తగిలితే ఉబ్బుతుంది. అది గుర్తుపెట్టుకోండి. పెద్దవారు, ముందు మీరు తీసుకోండి."

ఉబ్బుతుందన్న మాట వినగానే భీమరాజు మొహం వెలిగిపోయింది. ఎండలో పడి ఉన్న నావ పలకలు విచ్చుకుంటే, నీళ్లు పోసి ఉంచుతారు. చెక్క ఉబ్బి సందులన్నీ మూసుకుపోతాయి. ఉబ్బని చెక్క చెక్కే కాదని ఆయన జీవితమంతా శిష్యులకు చెప్పాడు. శ్యాంబాబు హెచ్చరిక ఆయన చెవికి సిఫారసులా వినబడింది.

చెక్కది తీసి జేబులో వేసుకుని, బుల్లియ్య వైపు తిరిగాడు. "నువ్వు ఆ ప్లాస్టిక్ బకెట్టు తీసుకోరా. నీ బతుకంతా బకెట్లే కదా."

"ఆయ్, బకెట్టేనండి గురువుగారూ," అన్నాడు బుల్లియ్య నవ్వి. వాడు నవ్వితే కళ్లు నవ్వవు. "బకెట్టు కారదు కదండి."

"చేతకానివాడి చేతిలో ఏదీ కారదు. ఎందుకంటే అందులో ఏమీ ఉండదు."

ఆ నెలంతా భీమరాజు పంటు ఇంజను పక్కన కూర్చుని సాధన చేశాడు. మొదటి వారమంతా అది తోక తొక్కిన పిల్లిలా అరిచింది. రెండో వారంలో స్వరం వంగింది. మూడో వారంలో అది ఎలా వంగిందంటే, గోదావరిలో చేపలు తలలెత్తి విన్నాయని రేవులో చెప్పుకున్నారు. అంత లేదు, రెండే ఎత్తాయి. పంటు ఎక్కిన బైకుల కుర్రాళ్లు మాత్రం ఇంజన్లు ఆపి కూర్చునేవారు. తాడు నీళ్లలో పడినా ఆ వారం ఎవరూ ఏమీ అనలేదు.

అయితే పోటీ ముందురోజు, శుక్రవారం నాటికి ఆయనకో అనుమానం వచ్చింది. లాగుతుంటే గాలి పక్కల నుంచి కొంచెం పోతున్నట్టుంది. అది ఎండాకాలం. చెక్క ఆరిపోయి, ఇత్తడికీ దానికీ మధ్య సందు విచ్చుకుందని తేల్చుకున్నాడు. సందు విచ్చుకున్న చెక్కకు ఏం చెయ్యాలో నరసాపురం రేవులో భీమరాజు మేస్త్రికి ఒకరు చెప్పాలా? నావను ఏ నీళ్లలో దింపుతామో ఆ నీళ్లతోనే తడపాలని పద్ధతి. పోటు సమయంలో గోదావరికి వెళ్లి, ఉప్పు కలిసిన ఆ నీళ్లు చెంబుతో తెచ్చి, మౌత్ ఆర్గాన్‌ని అందులో నిలువునా ముంచి పెట్టాడు.

"దానికీ స్నానం కావాలా?" అంది మహాలక్ష్మమ్మ.

"నీకేం తెలుసే. రేపు చూడు, చుక్క గాలి పోదు."

అక్షరాలా అలాగే జరిగింది. చుక్క గాలి పోలేదు.

శనివారం సాయంత్రం రిసార్టు పచ్చిక మీద కుర్చీలన్నీ నిండాయి. ఒక మూల నేనూ ఉన్నాను. శ్యాంబాబు మైకు పట్టుకుని, "ఇప్పుడు మన ముందుకు భీమరాజు మేస్త్రిగారు," అన్నాడు. ఆ మాట స్పీకర్లలోంచి వచ్చి గోదావరి మీదుగా వెళ్లింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న భీమరాజు ఒక క్షణం కదలకుండా నిలబడ్డాడు. ఇంకొక్కసారి అంటారేమో అన్నట్టు.

గిటారు మొదలైంది. ఆయన మొదటి స్వరం లాగాడు. చెవిలో కాదు, ఛాతీలో మోగినట్టుంది. సాధనలో కూడా అంత గట్టిగా, అంత నిండుగా ఎప్పుడూ పలకలేదు. స్టేజీ పక్కన కూర్చున్న బుల్లియ్య మొహం మాడిపోయింది. పాట రెండో చుట్టు తిరిగేసరికి జనం కాళ్లతో తాళం వేస్తున్నారు.

మూడో చుట్టులో పెదవి ఒక రంధ్రం మీద నుంచి ఇంకోదాని మీదికి వేగంగా జారాలి. ఉబ్బిన చెక్క పళ్లు ఇత్తడి పలకల్ని దాటి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తడికి వాటి అంచులు పీచులు లేచి రంపంలా తయారయ్యాయి. పెదవి జారింది. కింది పెదవి మధ్యలో చీరుకుంది.

ఆయన ఆపలేదు. రక్తం గడ్డం మీదికి దిగి ఇస్త్రీ చొక్కా మీద పడింది. మా కాన్వెంటులో సిస్టర్లు పియానో మీద తప్పు మెట్టు నొక్కితే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. సంగీతంలో నెత్తురు ఉంటుందని నాకు తెలుసు. ముందు వరుసలోని ఆవిడకు తెలియదు. "ఓ మై గాడ్," అని బిడ్డ కళ్లు మూసింది. ఇంతలో ఉబ్బిన చెక్క ఒత్తుకుని రేకులు ఇరుక్కున్నాయి. ఒక్కొక్క స్వరం నోరు మూసుకుంటూ వచ్చింది. చివరికి గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

అప్పుడు బుల్లియ్య లేచాడు. ఎంతో వినయంగా స్టేజీ ఎక్కి, తన ప్లాస్టిక్‌ది రెండు చేతులతో అందించాడు. పక్కనే మైకు ఉంది.

"బకెట్టేనండి గురువుగారూ. ఏమీ అనుకోకుండా దీంతో కానివ్వండి."

భీమరాజు గడ్డం మీది రక్తం మోచేత్తో తుడుచుకున్నాడు. కుర్చీ కావాలంటే తీసుకోవాలి. తీసుకున్నాడు. కానీ చీలిన పెదవి రంధ్రం చుట్టూ బిగుసుకోదు. బిగుసుకోకపోతే స్వరం వంగదు. గొంతు పట్టిన గేదెదూడ అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ నవ్వారు.

బుల్లియ్య దాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. తువ్వాలు తీసి అందరూ చూస్తుండగా గురువు రక్తాన్ని శుభ్రంగా తుడిచాడు. ప్లాస్టిక్ కదా, మరక పట్టలేదు. నోట పెట్టుకుని, గురువు ఆపిన చోటు నుంచి ఎత్తుకున్నాడు. గొప్పగా వాయించాడని అనను. ఒక్క స్వరం తప్పలేదు, అంతే.

"చప్పట్లు కొట్టండి," అన్నాడు శ్యాంబాబు మైకులో, "బుల్లియ్య మేస్త్రిగారికి!"

చెక్కది ఎండాక బీటలు వారింది. పొయ్యి పెట్టుకునే బల్లకి ఒక కాలు పొట్టి. మహాలక్ష్మమ్మ దాన్ని ఆ కాలి కింద పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ఇన్నాళ్లకి నీ చెక్క ఒక పనికొచ్చిందయ్యా," అంది.

శనివారం సాయంత్రం పంటు అవతలి ఒడ్డు నుంచి తిరిగొచ్చే వేళకి రిసార్టులో పాట మొదలవుతుంది. మొన్న ఒక బైకు కుర్రాడు చెవి ఒగ్గి విని, "ఎవరండీ ఆ వాయించేది? బాగుంది," అన్నాడు.

"నా శిష్యుడే," అన్నాడు భీమరాజు. కింది పెదవి అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. మాట కొంచెం పక్కకి పోతుంది.

"మరి మీరు వాయించరా?"

ఒడ్డు దగ్గరపడింది. భీమరాజు తాడు విసిరాడు. అది గుంజకు తగిలి నీళ్లలో పడింది.

"ఏం ముసలాయనా," అన్నాడు కుర్రాడు, "ఏమన్నా పడిందా?"