డాడీ ఛాతీకి తలుపులు

పిల్లలకి బొమ్మలు నేర్పితే ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. రంగులు కలపడం చెప్పారు, నీడలు వెయ్యడం చెప్పారు, చిన్నపిల్లలు క్రేయాన్లు నోట్లో పెట్టుకోకుండా చూసుకోమన్నారు. అంతవరకే.

నేను రోజూ తెనాలి నుంచి రైల్లో బాపట్ల వెళ్ళి, అక్కడొక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. మా స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సార్ తన సిలబస్ పూర్తి చేసుకునే గంట. ఆయన అడగడం, నేను ఇవ్వనని పేచీ పెట్టడం మామూలే. పోయిన ఏడాది వానాకాలంలో ఆరో తరగతి పిల్లల చేత రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు వేయించి వేయించి విసుగొచ్చింది. ఒకరోజు బోర్డు మీద 'అధివాస్తవిక చిత్రకళ' అని రాశాను. పిల్లలకి నోరు తిరగలేదు. తిరక్కపోయినా ఫరవాలేదు, చూడండి చాలని, జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించిన బొమ్మలు గోడకి అంటించాను. ఎండకి మెత్తబడి కొమ్మ మీద వేలాడే గడియారం. ముఖానికి అడ్డంగా ఆపిల్ పండు ఉన్న పెద్దమనిషి. ఛాతీ ఉండాల్సిన చోట పక్షుల పంజరం ఉన్న మరో మనిషి. ఇవి వేసినవాళ్ళు పిచ్చివాళ్ళు కాదని, చక్కగా అన్నం తిని, చొక్కా ఇస్త్రీ చేసుకుని తిరిగిన మనుషులేనని చెప్పాను. వాళ్ళు కలల్ని నమ్మారని, మనకి తెలియని సంగతులు కలలకి తెలుస్తాయని కూడా గొంతు పెంచి చెప్పాను. రేపు లేవగానే, పళ్ళు తోముకోకముందే, వచ్చిన కలని గీసుకురమ్మని హోంవర్కు ఇచ్చాను.

మర్నాడు క్లాసంతా నవ్వులు. ఒకడి ఆటోకి కాళ్ళొచ్చి సూర్యలంక బీచి ఇసుకలో పరుగెడుతోంది. ఒకమ్మాయి పరీక్ష పేపరుకి కోరలు పెట్టింది. లెక్కల సార్ తల బదులు ప్రెషర్ కుక్కర్ పెట్టినవాడికి నేను పైకి చీవాట్లు పెట్టి, మనసులో పూర్తి మార్కులు వేశాను. ఆఖరి బెంచీలో కూర్చునే పిల్ల మాత్రం నవ్వకుండా కాగితం చేతికిచ్చింది. కుర్చీలో వాళ్ళ డాడీ. చొక్కా ఉండాల్సిన చోట బీరువా తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. లోపలేమీ లేదు. నల్ల పెన్సిలు ఎంత నొక్కి రుద్దిందో, ఆ చీకటి నిగనిగలాడుతోంది. చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. మంచి బొమ్మకి అది గుర్తనుకుని, నక్షత్రం వేసి వరండా బోర్డుకి అంటించాను.

వారం తిరక్కుండా ఆ పిల్ల తల్లి సాయంత్రం బెల్లు కొట్టాక వచ్చింది. బొమ్మ నేను చెప్పి వేయించానా, పాపే వేసిందా అని అడిగింది. పాపకి కలలో వచ్చిందట అని గొప్పగా చెప్పాను. ఆవిడ అక్కడే బెంచీ మీద కూలబడింది.

అప్పుడు తెలిసింది. పాప వాళ్ళ డాడీ ఒక ఆఫీసులో గుమాస్తా. గుండె రక్తనాళాలు మూసుకుపోయాయి, గుంటూరులో ఆపరేషన్ ఖాయమైంది. పాప భయపడుతుందని తనకి చెప్పలేదు. పాపని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు బోర్డు మీద ఈ బొమ్మ చూసి బెదిరిపోయిన తల్లి, రేపల్లెలో ఉన్న ఆడపడుచుకి ఫోన్లో ఫోటో పంపింది. ఆవిడ తన ఇంట్లో ప్రార్థనలు పెడుతుంది, చుట్టుపక్కలవాళ్ళు కలలొస్తే ఆవిడకే చెప్పుకుంటారు. దేవుడు పసిబిడ్డ చేత ముందే చూపించాడు, ఆ తలుపులు తెరిస్తే లోపలేం మిగలదు, తమ్ముణ్ణి పంపొద్దు అందట. ఆయన ఆపరేషన్ మానుకున్నాడు. డాక్టరేమో ఆలస్యం చేసేకొద్దీ ప్రమాదమంటున్నాడు.

"మీరొక్క మాట చెప్పండి మేడమ్" అంది ఆవిడ. "ఆ బొమ్మకి అర్థం లేదని మీరంటే మా వదినగారు వింటారండి."

కలలకి అన్నీ తెలుసని పిల్లలకి చెప్పింది నేనే.

బొమ్మని బోర్డు మీంచి తీసి సంచీలో పెట్టుకుని రైలెక్కాను. నిడుబ్రోలు దాటాక బయటికి తీసి చూశాను. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు, అయినా ఆయన నన్నే చూస్తున్నట్టుంది. చింపి కిటికీలోంచి పారేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. నేను ఎవరైనా తుమ్మితే కాసేపాగి బయల్దేరే ఇంట్లో పెరిగినదాన్ని. ఎన్ని దేశాల చిత్రకారుల గురించి చదివినా ఆ పిరికితనం పోలేదు. చింపాక ఆయనకేమన్నా అయితే? ఆ ఆలోచన రాగానే బొమ్మని మళ్ళీ సంచీలో పెట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం రేపల్లె వెళ్ళాను. పాప మేనత్త రిటైరైన పంతులమ్మ. చర్చి నుంచి వచ్చిన చీరలోనే ఉంది, ముందుగదిలో ప్రార్థన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని నేరుగా అడిగింది.

"ఆ బొమ్మ చూసినప్పుడు నీకేమనిపించిందమ్మా?"

కళ గురించి చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా అడిగేసరికి, "భయమేసిందండి" అన్నాను.

తనకీ అంతేనంది. వాళ్ళ నాన్న కూడా ఆపరేషన్‌కని నడిచి వెళ్ళి, ముఖం మీదికి దుప్పటి కప్పుకుని ఇంటికొచ్చాడట. అప్పటికి తమ్ముడు చంటివాడు, పెంచింది తనే. ఆవిడ మీద నేను పెంచుకొచ్చిన కోపం ఆ టీకప్పులోనే చల్లారిపోయింది. నాకు తెలిసిన ఒక్క విషయం మాత్రం చెప్పాను. పాపకి తెలియదని మీరంతా అనుకుంటున్నారు, ఇంట్లో గుసగుసలాడుతుంటే ఏ పిల్ల వినకుండా ఉంటుంది, ఆ బొమ్మలో ఉన్నది రేపటి సంగతి కాదండి, దాని లోపలున్న బెంగ అన్నాను.

పిల్లనెవరన్నా అడిగారా అంది ఆవిడ. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆవిడ బాపట్లకి ఫోన్ చేసి, పాపకిమ్మని, నాకు వినబడేలా పెట్టింది. కలలో ఏం జరిగిందని మెల్లగా అడిగింది.

"ఆ తలుపులు నేనే తీశాను అత్తయ్యా. మళ్ళీ వేద్దామంటే రావట్లేదు." గొంతులో ఏడుపు లేదు, పాఠం అప్పజెబుతున్నట్టుంది. "నేను గీసినందుకే డాడీ ఆపరేషన్‌కి వెళ్ళట్లేదంట. ఆ బొమ్మ టీచర్ దగ్గరుంది. చింపొద్దని చెప్పు. చింపితే డాడీకి ఏమన్నా అవుద్ది."

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"రేపు వాడికేమన్నా అయితే, ఈ పిల్ల తనే చంపాననుకుని బతకాలమ్మా" అంది.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి వెళ్ళమంది, పక్కన తనుంటానంది. ఆ కల అబద్ధమని ఆవిడ అనలేదు. ధైర్యం చేసి నేనూ అనలేకపోయాను.

ఆపరేషన్ రోజు పాపని స్కూలుకి పంపారు. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుని నా డ్రాయింగ్ గదిలో కూర్చోబెట్టింది. లంచ్ బాక్సు మూత తియ్యలేదు. బొమ్మ నలగలేదు కదా అని అడిగితే బొమ్మ దాచిన బీరువా తాళం తీసి చూపించాను. ఫ్యాన్ గాలికి ఎగురుతుందేమోనంటే ఫ్యాన్ ఆపేశాను. ఉక్కపోతలో ఇద్దరం బొమ్మకి కాపలా కూర్చున్నాం. కాసేపటికి తనే లేచి మళ్ళీ చూద్దామంది. ఏ పెద్దవాళ్ళు చూసినా నాకు మతి పోయిందనేవారు, కానీ ఆ కాగితం అంచు కూడా మడత పడకూడదని నేనూ మనసులో మొక్కుకుంటున్నాను. తల్లి ఫోన్ చేసి, ఆపరేషన్ అయింది, బాగానే జరిగిందంటున్నారు, ఇంకా కళ్ళు తెరవలేదు అంది. పాప నమ్మలేదు. నాకూ పూర్తిగా నమ్మకం కుదరలేదు.

ఆయన ఇంటికొచ్చాక బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. బొమ్మ కూడా తెమ్మని పాప అడిగింది, తీసుకెళ్ళాను. ఆయన మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు, అక్కగారు పక్కన కూర్చుని గ్లాసులో జావ కలుపుతోంది. పాప మాత్రం వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన దగ్గరికి రావడం లేదట. వాళ్ళమ్మ నా చెవిలో చెప్పింది గానీ ఆయనకి వినబడింది.

ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. "రామ్మా, చూడు" అన్నాడు.

పాప నా చేతిలోంచి బొమ్మ తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. ఆయన ఛాతీ మధ్యలో పైనుంచి కిందికి ఎర్రటి గీత ఒక్కటే ఉంది. దాన్ని చూసి, కాగితం చూసి, మళ్ళీ దాన్నే చూసింది.

"నేను గీసినట్టు లేదుగా డాడీ."

"లేదమ్మా. ఇది కుట్టు. మొత్తం మూసేశారు."

పాప ఒక వేలు ముందుకి చాపి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఇల్లంతా అదిరేలా ఏడ్చింది. కాగితం నేల మీద పడింది, ఎవరూ తియ్యలేదు. ఆయన కంగారుపడతాడని తల్లి పరుగున వచ్చి పాప నోటికి చెంగు అడ్డం పెట్టబోతే, అక్కగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనివ్వమ్మా" అంది. "ఇన్నాళ్ళూ దాన్ని మనమే ఏడవనివ్వలేదు."