పాలసేమ్యా డబ్బా

చింతామణిలో ముస్లింలు నడిపే బడిలో చాలా ఏళ్ళు కన్నడ టీచరుగా పనిచేశాను. మాది కోమట్ల ఇల్లు, గుడ్డు వాసన కూడా పడదు. ఆయన పోయాక అద్దె ఇంట్లో నేనొక్కదాన్నే. రంజాన్ పండుగ రోజు మాత్రం నా క్లాసు పిల్ల ఒకతె ఇంటికొచ్చి పాలసేమ్యా ఇచ్చేది. నా కోసమని వాళ్ళమ్మ మాంసం తగలని స్టీలు డబ్బా ఒకటి వేరుగా పెట్టింది. మా పండుగలకు నా తలుపు తట్టేవాళ్ళు లేరు గానీ, వాళ్ళ పండుగకు నా ఇంట్లో మనిషి మాట వినిపించేది.

ఒకరోజు పక్క గదిలో పిల్లలకు మౌల్వీసాబు మతబోధ చేస్తూ లంచం గురించి చెబుతున్నారు. వెనకటికి పన్ను వసూలుకు పోయిన అధికారి ఒకడు, ఇవి నాకిచ్చిన కానుకలని కొన్ని తన దగ్గరే ఉంచుకున్నాడట.

"ఆ పని లేకుండా వాళ్ళమ్మ ఇంట్లో కూర్చోనుంటే, అవి వాని కాడికి వచ్చుండునా?" అని అడిగారు.

బాగేపల్లి దగ్గర మా ఆయన పొలాన్ని నా పేరుకు మార్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగినదాన్ని. బాగా చెప్పారనుకున్నాను.

ఆ ఏడు పండుగకు డబ్బా రాలేదు. బడి తెరిచాక పిల్లను అడిగాను.

"మీరు మాకు మార్కులేస్తారు కదా టీచరమ్మా. లంచమవుతాదని మా అమ్మకు చెప్పినా," అంది తల వంచుకుని.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా మౌల్వీసాబు దగ్గరికి పోయాను.

"గిన్నెడు సేమ్యా కూడా లంచమేనా సాబూ?"

"నేను మిమ్మల్ని అనలేదమ్మా. ఆ బిడ్డే అట్ల అనుకునింది. ఇప్పుడు నేను పర్వాలేదంటే, రేపు ఏం చెప్పినా నమ్ముతుందా?"

వెనక్కి తిరిగొచ్చేశాను. పాఠం మంచిదే. ఊళ్ళో లంచాలు మింగేవాళ్ళంతా చల్లగా ఉంటే, అది నా ఒక్కదాని మీదే పనిచేసిందే అని ఏడుపొచ్చింది.

ఆ పిల్ల పదో తరగతి దాటిన ఏడే నేనూ రిటైరయ్యాను. ఆ తర్వాత వచ్చిన రంజాన్‌కు పొద్దున్నుంచీ తలుపు తెరిచే పెట్టుకున్నాను. ఇప్పుడు నా చేతిలో మార్కులు లేవు. ఆ పని లేకుండా ఇంట్లో కూర్చుంటే వచ్చుండునా అని మౌల్వీసాబు అడిగిన ప్రశ్న ఇప్పుడు నాదే. మధ్యాహ్నం దాటింది. రాదులే అనుకుని బియ్యం కడిగాను.

సాయంత్రం ఆ పిల్లే వచ్చింది. చేతిలో అదే డబ్బా.

"ఇంక ఇయ్యొచ్చు టీచరమ్మా," అంది.

కూర్చోమన్నాను. ఇంటి నిండా చుట్టాలుండారని గడప దగ్గరే నిలబడింది. డబ్బా కడిగి ఇస్తానంటే వద్దంది.

"ఉండనీండి. ఇన్నాళ్ళూ మా అమ్మ దీంట్లో ఇంకేమీ ఎయ్యనియ్యలేదు. ఇది మీదే కదా."

ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, ఒక్కదాన్నే కూర్చుని డబ్బా అంతా తిన్నాను.