పొగల పుస్తకం

బడి ఏడో తరగతిలోనే మానేశాను గానీ, నా ముక్కు మాత్రం చదువు మానలేదు. ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్ల పోయే దారిలో మా ఊరు. గడప దాటకుండానే ఎవరి పొయ్యిలో కంది కట్టె, ఎవరి పొయ్యిలో పత్తి కట్టె, ఎవరి బాణలిలో నూనె నిన్నటిదో చెప్పగలను. ఈ విద్యకు ఊళ్లో తిట్లే తప్ప మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

మొన్న చలికాలంలో దక్కింది. నగరం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి మా మిద్దె మీద గాలిని పీల్చే మిషన్ పెట్టింది. చూడ్డానికి పాలక్యానుకు కాళ్లు తొడిగి, నెత్తిన టోపీ పెట్టినట్టు ఉంటుంది. గాలిలో కంటికి కనపడని నుసి లోపలి తెల్ల కాగితానికి అంటుకుంటుంది. అందులో కట్టె పొగ ఎంత, నూనె పొగ ఎంత, బండ్ల పొగ ఎంత అని ల్యాబులో విడదీస్తారట. ఒక్కో పొగ ఒక్కో గుర్తు వదిలిపోతుందట.

“రోజూ కాగితం మార్చాలి. చుట్టుపక్కల ఏం కాలిందో ఈ పుస్తకంలో రాయాలి. రాయగలరా అన్నా?” అని అడిగింది.

“రాస్తా మేడం. మా ఊర్లో ఏం కాలినా నాకే ముందు తెలుస్తాది. మా ఇంట్లో కూర మాడేది ఒకటే తిన్నాక తెలుస్తాది.”

కింద నా భార్య గిన్నె దించిన చప్పుడు కొంచెం గట్టిగానే వినిపించింది.

మేడం షరతు ఒకటే: మిద్దె మీద బీడీ తాగకూడదు.

ఇక రాశాను చూడండి. ‘తూర్పు గాలి. గోనెగండ్ల వైపు చేలలో పత్తి కట్టె కాలుస్తున్నారు.’ ‘బజ్జీల అంగడి. నూనె వయసు మూడు రోజులు.’ ‘ఆదోని బస్సు ఆగింది, దగ్గింది, పోయింది.’ బడిలో పలక మీద కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు.

పక్కింటి పెద్దాయన గోడ మీంచి తల పెట్టేవాడు. “ఏమప్పా, పొగలకు గూడ రేషన్ కార్డులు రాస్తాండావా?”

“నీ సుట్టదే మొదటి కార్డు మామా. ఫొటో దిగనీకి రా.”

నెల తర్వాత మేడం ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

“అన్నా, ల్యాబు చెప్పిందీ మీరు రాసిందీ అన్ని రోజులూ కలిశాయి. ఒక్క రోజు తప్ప.” తెర మీద గీత ఆదోని కొండలా పైకి లేచి ఉంది. “ఈ రోజు ఇంత పొగ ఉంది. మీరేమో ‘గాలి శుభ్రం, ఏ పొగా లేదు’ అని రాశారు. ఇది ఎక్కడిదో తేలకపోతే పుస్తకం మొత్తం పక్కన పెట్టమంటున్నారు మా సారు.”

జీవితంలో నేను రాసిన ఒకే ఒక్క పుస్తకం అది.

ఆ తేదీ పట్టుకుని నేరుగా బజ్జీల అంగడికి పోయాను. అంగడామె క్యాలెండరు చూసి నా మీదికి గరిటె ఎత్తింది. “నా మీదికి తెస్తాండావా? ఆ పొద్దు అమాసప్పా! అమాస నాడు నేనెప్పుడన్నా అంగడి తెరసినానా?”

అమాస అనగానే అక్కడే నిలబడిపోయాను.

మా వైపు అమావాస్య వస్తే ట్రాక్టరయినా, బోరు మోటరయినా పూజ చేసి దిష్టి తీయాల్సిందే. మిద్దె మీద అంత విలువైన మిషన్ పెట్టుకుని ఊరుకుంటానా? కుంకుమ పెట్టి, టోపీ కిందనే కట్టకు కట్ట అగరబత్తీలు వెలిగించి, సాంబ్రాణి వేసి, కర్పూరం తిప్పి టెంకాయ కొట్టాను. అంతా అయ్యాక పుస్తకం తెరిచి ‘ఏ పొగా లేదు’ అని రాశాను. అబద్ధమాడాలని కాదు. పొగ అంటే పొయ్యిది, చేనుది, బస్సుది. పూజది కూడా పొగేనని నాకు తట్టనే లేదు.

అంగడి నుంచి తిరిగొచ్చి ఎక్కుతుంటే మా మిద్దె మెట్లు పెరిగినట్టు అనిపించింది. “మేడం, ఆ కొండ లేపింది నేనే” అని మొత్తం చెప్పేశాను.

ఆమె మిషన్ కాళ్ల దగ్గర ఎండిన కుంకుమను వేలితో గీకి చూసింది. “దీనికి పూజ చేశారా!”

“దిష్టి తగిలితే నష్టం మీకే గదా మేడం.”

ఆమె నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకున్నాక అడిగింది: “అవే అగరబత్తీలు, అదే సాంబ్రాణి ఉన్నాయా? వచ్చే అమావాస్యకు మళ్లీ అచ్చం అట్లాగే చేయండి. రెండు గీతలూ ఒకటైతే సారు నమ్ముతారు.”

ఈసారి ఆమె గడియారం చూస్తుంటే పూజ చేశాను. అంత భక్తిగా నేనెప్పుడూ ఏ దేవుణ్ణీ మొక్కలేదు. కొన్ని వారాలకు ఫోన్ వచ్చింది.

“రెండు కొండలూ ఒకటే అన్నా. మీ పుస్తకం ఉంటుంది. కానీ ఈసారి కొండ పక్కన చిన్న గుట్ట ఒకటి కనిపిస్తోంది. పొగాకుది.”

రెండో పూజ రోజు దిగులుతో మిద్దె మీది నీళ్ల ట్యాంకు వెనక్కి పోయిన సంగతి ల్యాబు దాకా పోతుందని అనుకోలేదు. మెల్లగా పుస్తకం తెరిచి, ఆ రోజు పేజీ అంచున ‘బీడీలు, రెండు’ అని చేర్చాను.

వెనక నుంచి తొంగిచూసిన నా భార్య అంది: “నాలుగని రాయప్పా. మల్లా పుస్తకం పక్కన పెడ్తారు.”